తూము దగ్గర కొలవడం రానివాళ్ళు నదులెలా పంచుతారు?

అంతర్జాతీయ నీటి యాజమాన్యం అని కోర్సు పేరు కనబడగానే చాలామందికి సింధు ఒప్పందం, నైలు మీద ఇథియోపియా కట్టిన డ్యామ్, జెండాలు పెట్టిన పొడవాటి బల్లలు గుర్తుకొస్తాయి. దరఖాస్తు లేఖల్లోనూ అదే రాస్తారు, దేశాల మధ్య నీటి గొడవలు తీర్చాలనుంది అని. ఆ ఆశలో తప్పేమీ లేదు. కాకపోతే ఈ చదువులో నిజంగా పనికొచ్చే భాగం కాలువ గట్టు మీద ఉంటుంది. ఒక పిల్ల కాలువలో ఎంత నీరు పోతోందో కొలవడం రాని మనిషి రెండు దేశాల మధ్య నది పంపకం గురించి మాట్లాడటం నేల విడిచి సాము చేయడమే. విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవడం నుంచి థీసిస్ దాకా ఈ ఒక్క గీటురాయి మీదే పరీక్షించుకోవాలని నా వాదన.

దేశాల మధ్య ఒప్పందాన్నే ముందు చూద్దాం. భారత్, బంగ్లాదేశ్ 1996 డిసెంబరులో గంగ నీటి మీద 30 ఏళ్ళ ఒప్పందం చేసుకున్నాయి. గడువు 2026 డిసెంబరుతో తీరుతుంది. దాని గుండెకాయ ఒక చిన్న లెక్క. జనవరి 1 నుంచి మే 31 వరకు పది రోజుల చొప్పున ముక్కలు చేసి, పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ దగ్గరికి వచ్చిన ప్రవాహాన్ని చూస్తారు. 70 వేల క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు), అంతకు తక్కువ ఉంటే చెరిసగం. 70 వేల నుంచి 75 వేల మధ్య ఉంటే బంగ్లాదేశ్‌కు 35 వేలు, మిగిలింది భారత్‌కు. 75 వేలు దాటితే భారత్‌కు 40 వేలు, మిగిలింది బంగ్లాదేశ్‌కు. మార్చి 11 నుంచి మే 10 దాకా ఉండే ఎండు కాలంలో మాత్రం పది రోజులు ఒకరికి, తర్వాతి పది రోజులు మరొకరికి 35 వేలు గ్యారంటీ. అంటే ఏప్రిల్లో 60 వేలే వస్తే చెరి 30 వేలు కాదు. వంతు ఉన్నవాళ్ళకు 35, లేనివాళ్ళకు 25. ప్రవాహం 50 వేల కంటే పడిపోతే రెండు ప్రభుత్వాలూ వెంటనే మాట్లాడుకోవాలి.

పదో తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క ఇది. గొడవ వచ్చేది అంకెల దగ్గర. ఒప్పందానికి జత చేసిన పట్టిక 1949 నుంచి 1988 దాకా వచ్చిన ప్రవాహాల సగటు. ఆ తర్వాత ఎగువన ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో తోడకాలు పెరిగాయి, సగటు చెప్పినంత నీరు కొన్ని ఏళ్ళలో ఫరక్కాకే చేరదు. ఫరక్కా దగ్గర వదిలిన నీటికీ దిగువన బంగ్లాదేశ్‌లోని హార్డింజ్ వంతెన దగ్గర కొలిచిన నీటికీ తేడా వస్తుంటుంది. ఆ తేడా కొలతలో తప్పా, మధ్యలో నది నేలకు ఇచ్చిందా, నేల నదికి ఇచ్చిందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవాడే ఆ బల్ల దగ్గర పనికొస్తాడు. అందుకే రెండు దేశాల ఇంజనీర్ల ఉమ్మడి బృందాలు రెండు చోట్లా కలిసి కొలుస్తాయి. దౌత్యం అంతా అయ్యాక మిగిలేది ఆ కొలత పుస్తకమే.

కొలవడం అంటే ఏమిటి

కాలువ వంపు తిరగని, గేటుకు దూరంగా ఉన్న చోటు చూసుకోవాలి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు టేపు కట్టి, వెడల్పును ఇరవై ముక్కలు చేస్తారు. ఏ ఒక్క ముక్కలోనూ మొత్తం ప్రవాహంలో పదో వంతుకు మించి పోకూడదు. ప్రతి ముక్క దగ్గరా లోతు, వేగం తీసుకుంటారు. లోతు ముప్పావు మీటరు లోపు ఉంటే ఉపరితలం నుంచి 0.6 వంతు లోతులో ఒక్క కొలత చాలు. అంతకు మించితే 0.2 దగ్గర ఒకటి, 0.8 దగ్గర ఒకటి తీసి సగటు చేయాలి. ప్రతి చోటా, వేగం కొలిచే రెక్కల మీటరును 40 సెకన్లయినా కదలకుండా ఉంచాలి. లోతు, వెడల్పు, వేగం గుణించి, ముక్కలన్నీ కూడితే ప్రవాహం.

ఇందులో చెడేవి ముఖ్యంగా మూడు. అడుగున మెత్తని ఒండ్రు ఉంటే కొలకర్ర దిగిపోయి లోతు ఎక్కువ చూపిస్తుంది. మీటరు రెక్కకు నాచు చుట్టుకుంటే వేగం తగ్గిపోతుంది. మూడోది అన్నిటికంటే మామూలు: మీరు కొలుస్తుండగా ఎగువన లష్కర్, అంటే గేట్లు తిప్పే కాలువ ఉద్యోగి, గేటు కదుపుతాడు. మొదలుపెట్టే ముందు, ముగించాక గేజి (నీటిమట్టం చూపే కొలబద్ద) చదివి, రెండు అంకెలు కలవకపోతే ఆ పూట కొలతంతా కొట్టేయాలి. ఈ ఒక్క క్రమశిక్షణ లేకపోవడం వల్ల ఎన్ని నివేదికల్లో కాకి లెక్కలు దూరాయో చెప్పలేం.

మీటరు లేకపోతే నారింజ పండు లాంటి సగం మునిగే వస్తువును వదిలి, ఇరవై మీటర్లు దాటడానికి ఎంతసేపు పట్టిందో చూసి వేగం కడతారు. అది ఉపరితల వేగం. అడుగున, గట్ల పక్కన నీరు నెమ్మదిగా పోతుంది కాబట్టి 0.85తో గుణించాలి. మరిస్తే కాలువలో ఉన్నదాని కంటే 18 శాతం ఎక్కువ నీరు కాగితం మీద పుడుతుంది.

పొలం కాలువకు వీ ఆకారపు గంటు కోసిన రేకు పెడతారు. తొంభై డిగ్రీల గంటు అయితే, గంటు అడుగు పైన నీటి ఎత్తును మీటర్లలో తీసుకుని, రెండున్నర ఘాతానికి పెంచి, 1.38తో గుణిస్తే సెకనుకు ఘనపు మీటర్లు వస్తాయి. పది సెంటీమీటర్ల ఎత్తుకు 4.4 లీటర్లు. పదకొండు సెంటీమీటర్లకు 5.5 లీటర్లు. ఒక్క సెంటీమీటరు తప్పు చదివితే పాతిక శాతం పైగా తేడా! ఎత్తును గంటు దగ్గరే చదవడం ఇంకో తప్పు, అక్కడ నీరు అప్పటికే కిందికి వంగిపోతుంది. ఎత్తుకు నాలుగు రెట్ల దూరంలో, ఎగువన చదవాలి. గంటు అవతల నీరు గాలి తగిలేలా కింద పడాలి. దిగువ నీరు గంటును ముంచేస్తే ఆ సూత్రం చెల్లదు.

ఏదో సివిల్ ల్యాబు పాఠంలా ఉందని విసుక్కోకండి. గేజి అంకె చూసి ప్రవాహం చెప్పే పట్టిక ప్రతి కాలువకూ ఉంటుంది. పూడిక పెరిగినా, గుర్రపుడెక్క పట్టినా అదే గేజికి తక్కువ నీరు పోతుంది, పట్టిక మాత్రం పాతదే చెబుతుంది. ఇంజనీరు రిజిస్టరులో చివరి తూముదాకా నీళ్ళిచ్చినట్టే ఉంటుంది, చివరి రైతు నీళ్ళు రాలేదంటాడు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. కాలువను తిరిగి కొలవడం వచ్చినవాడికి తప్ప ఆ సంగతి తేలదు.

టీఎంసీ అనే మాయ

మన రెండు రాష్ట్రాల్లో టీఎంసీ అనే మాట వాడని మనిషి లేడు. ఇది మన విద్యార్థులకు నిజంగానే పెద్ద బలం. యూరప్ తరగతి గదిలో చాలామందికి నీటి వాటాల కొట్లాట అంటే పుస్తకంలో సంగతి. అయితే ఆ మాట ఎంత పరిచయమో దాని వెనక లెక్క అంత అపరిచయం.

ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. "టీఎంసీకి పదివేల ఎకరాలు" అని అందరూ అనేస్తుంటారు. పరీక్షిద్దాం. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు నీరంటే 10 ఘనపు మీటర్లు. వరికి దమ్ముకు 200 మిల్లీమీటర్లు, పంటకాలంలో ఆకులు, నేల ఆవిరి చేసేది 600, కిందికి ఇంకేది 300 అనుకుంటే మడిలో మొత్తం 1,100. ఖరీఫ్‌లో పనికొచ్చే వాన 400 పోను కాలువ ఇవ్వాల్సింది 700. రిజర్వాయరు నుంచి మడి దాకా వచ్చేసరికి నూటికి డెబ్బై మిగులుతాయనుకుంటే, కాలువ తల దగ్గర 1,000 వదలాలి. అప్పుడు టీఎంసీకి దాదాపు 7,000 ఎకరాలు. రబీలో వాన లేదు, కాబట్టి తల దగ్గర 1,570 వదలాలి, టీఎంసీకి 4,500 ఎకరాల లోపే. మడిలో 500 మిల్లీమీటర్లు చాలే ఆరుతడి పంటలైతే పదివేల ఎకరాలకు దగ్గరగా వస్తుంది. అంటే నినాదం తప్పు కాదు, అది ఆరుతడికి చెందిన నినాదం. దాన్ని వరి పండే ఆయకట్టుకు అంటించేసరికి కాలువ చివర ఎండుతుంది.

ఈ లెక్కలో నేను వేసిన ప్రతి అంకెనూ మీ నేల, మీ వాతావరణంతో మార్చుకోవాలి. నల్లరేగడిలో ఇంకేది తక్కువ, చల్కలో చాలా ఎక్కువ. కోర్సులో పైరు, నేల ఆవిరి చేసే నీటిని లెక్కగట్టే పెన్మన్-మాంటీత్ సూత్రం, ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వారి క్రాప్‌వాట్ సాఫ్ట్‌వేరు నేర్పేది ఇందుకే. సాఫ్ట్‌వేరు ఎవరికైనా రెండు రోజుల్లో వస్తుంది. ఇంకుడు అంకెను ఊహించకుండా మడిలో కర్ర పాతి, రాత్రిపూట ఎంత దిగిందో చూసి వేసే అలవాటు రెండేళ్ళు పట్టినా కొందరికి రాదు. రాత్రే ఎందుకంటే అప్పుడు ఆవిరి దాదాపు ఉండదు, దిగిందంతా ఇంకుడే.

ఇంకిపోయిన నీరు పోయినట్టేనా? ఈ చదువులో అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసే ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. ఎగువ ఆయకట్టులో ఇంకిన నీరు బావుల్లోకి, వాగుల్లోకి, తిరిగి నదిలోకి చేరుతుంది. దిగువన ఎవరో దాన్ని వాడుకుంటారు. కృష్ణా నీటిని రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ దీన్ని లెక్కలోకి తీసుకుంది. 75 శాతం నమ్మకంతో, అంటే నూటికి 75 ఏళ్ళలో, కృష్ణలో దొరికే 2,060 టీఎంసీలను మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800గా పంచింది. వాడిన నీటిలో కొంత తిరిగి నదికి వస్తుందని దశలవారీగా ఇంకో 25, 34, 11 కలిపింది. మనం రోజూ వినే 811లో చివరి 11 అలా వచ్చింది. 2015లో దాన్నే 512, 299గా ఆంధ్ర, తెలంగాణ తాత్కాలికంగా పంచుకున్నాయి. రోజూ ఆ అంకె పలికేవాళ్ళలో ఆ 11 ఇంకుడు నీటి వాటా అని తెలిసినవాళ్ళు ఎంతమంది?

ఇప్పుడు డ్రిప్పు సంగతి చూడండి. డ్రిప్పు పెడితే సగం నీరు ఆదా అని అంటారు. రైతు పొలంలో అది నిజమే, కరెంటూ కూలీ కూడా కలిసొస్తాయి. కానీ ఆదా అయిన నీటిలో పెద్ద భాగం ఇంతకుముందు ఇంకి దిగువకు పోయేదే. రైతు ఆ "ఆదా" నీటితో ఇంకో రెండెకరాలు తడిపితే, ఆకుల నుంచి ఆవిరయ్యేది పెరుగుతుంది, నదికి తిరిగి వచ్చేది తగ్గుతుంది. పరీవాహకం మొత్తం మీద వాడకం పెరిగిందన్నమాట. కాలువలకు సిమెంటు లైనింగు వేసినా ఇదే చిక్కు. ఇంకిన నీరు ఉప్పు భూగర్భంలో కలిసే చోట, సముద్రం పక్కన డెల్టా చివర మాత్రం ఆదా నిజమైన ఆదా. చోటు చూడకుండా శాతాలు చెప్పేవాళ్ళను నమ్మకూడదు. ఈ తేడాను మొదటి సెమిస్టరులోనే నేర్పని కోర్సు మీద డబ్బు పెట్టడం దండగ.

నమ్మకం శాతం కూడా అలాంటిదే. బచావత్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ళ ప్రవాహాలను తీసుకుని, 75 శాతం ఏళ్ళలో దొరికేది 2,060 అంది. ఆ తర్వాత అదే కృష్ణకు వేసిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్ళు తీసుకుంటే అదే 75 శాతానికి 2,173 వచ్చింది. అది 65 శాతం నమ్మకానికి దిగి 2,293 దాకా, ఆపైన సగటు 2,578 దాకా పంచింది. నది అదే. ఏళ్ళ వరస మారింది, శాతం మారింది. శాతం తగ్గించడమంటే కొరత ఏళ్ళ సంఖ్య పెంచడం, ఆ కొరత చివరి రాష్ట్రం నెత్తిన పడుతుంది. ఈ రెండు ట్రిబ్యునళ్ళ లెక్కలు పక్కపక్కన పెట్టి చదివినవాడికి నైలు, మెకాంగ్ అర్థం కావడానికి వారం చాలు.

గేటు ఎవరి చేతిలో ఉంది

నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయంలో నీటిపారుదల బోధించినవాళ్ళు ముందునుంచీ ఒక మాట పట్టుకుని ఉన్నారు. తూము ఆకారాన్ని చూస్తే నీటి పంపకం మీద ఎవరి మాట చెల్లుతుందో తెలుస్తుందని. గేటున్న తూము అంటే ఎవరో ఒకరు తిప్పాలి, కాబట్టి తిప్పేవాడి మీద ఒత్తిడి ఉంటుంది. గేటు లేని, గోడ కట్టి నీటిని వాటాలుగా చీల్చే కట్టడంలో ఒత్తిడికి చోటు తక్కువ, కానీ పంటను బట్టి నీళ్ళు మార్చే వీలూ ఉండదు. రెండింటిలో ఏది మంచిదని అడిగితే జవాబు లేదు. కాలువలో నమ్మకంగా నీరొస్తుందా, రైతులు ఒకే పంట వేస్తారా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఈ ఆలోచనకు పదును పెట్టిన చోట్లలో ఒకటి మనకు బాగా దగ్గరిది. వాగెనింగెన్‌కు చెందిన పీటర్ మొలింగా తుంగభద్ర ఎడమ కాలువ మీద పరిశోధన చేసి 1998లో డాక్టరేటు పొందాడు. హోస్పేట డ్యామ్ నుంచి కొప్పళ, రాయచూరు జిల్లాల మీదుగా 227 కిలోమీటర్లు పోయే ఆ కాలువను కరవు ప్రాంతంలో ఎక్కువ మందికి కొంచెం కొంచెం నీరు అందాలని కట్టారు. ఏ పొలానికి వరి, ఏ పొలానికి ఆరుతడి అన్నది సర్వే నంబర్ల వారీగా ప్రభుత్వమే ముందు నిర్ణయించింది. 1950ల నుంచి కోస్తా ఆంధ్ర రైతులు గంగావతి, సింధనూరు వైపు వెళ్ళి భూములు కొని, క్యాంపులు కట్టుకుని వరి వేశారు. డెల్టా వ్యవసాయం తెలిసినవాళ్ళు, కష్టపడ్డారు, సంపాదించారు. కాలువ ఎగువన వరి నిండింది. మాన్వి, రాయచూరు వైపు చివరి భూములకు నీరు తగ్గింది. కాగితం మీద ఆరుతడి, మడిలో వరి. మన తెలుగువాళ్ళ విజయగాథగా చెప్పుకునే ఆ క్యాంపులు నీటి పాఠంలో ఎగువ వాటాదారులు. ఈ మాట మనకు రుచించకపోవచ్చు, కానీ చదువుకునేవాళ్ళు రెండు కొసల నుంచీ చూడాలి.

ఎందుకంటే అదే తుంగభద్ర మీద కాస్త దిగువన, రాజోలిబండ దగ్గర మనం చివరి కొసలో ఉంటాం. ఆనకట్ట ఒక గట్టు కర్ణాటకలో, ఇంకో గట్టు కర్నూలు జిల్లాలో. కాలువ మొదట కర్ణాటకలో పారి తర్వాత తెలంగాణలోని అలంపూర్ ప్రాంతానికి వస్తుంది. బచావత్ ఇచ్చింది 15.9 టీఎంసీలు, ఆయకట్టు 87,500 ఎకరాలు. చివరికి చేరేది మాత్రం అందులో కొంతే. ఆనకట్ట ఎత్తు, తూములు, పూడిక, ఎగువ తోడకాలు అన్నీ గొడవే. చివరికి తుమ్మిళ్ళ దగ్గర పంపులు పెట్టి నీరెత్తి కాలువ చివరకు పోయాల్సి వచ్చింది. మూడు రాష్ట్రాలు, ఒక కాలువ. దేశాల మధ్య నది పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల ఏముంటుంది?

చట్టం పాఠం ఇక్కడే అతుకుతుంది. ఐక్యరాజ్యసమితి 1997లో ఆమోదించిన అంతర్జాతీయ జలమార్గాల ఒడంబడిక 2014 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. చైనా, టర్కీ, బురుండి వ్యతిరేకంగా ఓటేశాయి, భారత్ తటస్థంగా ఉంది. అందులో అయిదో అధికరణం ప్రతి దేశం నదిని న్యాయంగా, సబబుగా వాడుకోవచ్చంటుంది. ఏడోది పక్క దేశానికి గణనీయమైన హాని చేయొద్దంటుంది. ఎగువ దేశాలు అయిదును పట్టుకుంటాయి, దిగువ దేశాలు ఏడును. మన వాదనలూ ఇంతే. ఆలమట్టి ఎత్తు దగ్గర మనం దిగువ భాష మాట్లాడతాం, ఒడిశాతో వంశధార దగ్గరా దిగువ భాషే. అదే గోదావరిలో పోలవరం ముంపు దగ్గరికొచ్చేసరికి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ హాని భాష మాట్లాడితే మనకు నచ్చదు. చట్టం మీద ఇంతకు మించి రాయను. రెండు అధికరణాలూ, మన 1956 అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం, రాజ్యాంగం 262వ అధికరణం చదివితే పునాది పడుతుంది, మిగిలింది కొలతల మీద కొట్లాటే.

ఎక్కడ చదవాలి

వాగెనింగెన్‌లో అంతర్జాతీయ భూ, జల యాజమాన్యం పేరుతో డిగ్రీ, మాస్టర్స్ రెండూ ఉన్నాయి. మాస్టర్స్ రెండేళ్ళు, 120 క్రెడిట్లు. అక్కడ ఒక క్రెడిట్ అంటే 28 గంటల పని. రెండో ఏడాదిలో ఎక్కువ భాగం థీసిస్, ఇంటర్న్‌షిప్‌లకే పోతుంది. యూరప్ బయటి విద్యార్థులకు ఫీజు ఏటా సుమారు 20 వేల యూరోలు, బతకడానికి అయ్యేది వేరే. నెదర్లాండ్స్‌లోనే డెల్ఫ్ట్‌లో ఉన్న నీటి విద్యాసంస్థ ఐహెచ్ఈ 1957లో మొదలైంది. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న ఆసియా, ఆఫ్రికా ఇంజనీర్ల కోసం పెట్టిన సంస్థ అది. బీటెక్ అవగానే వెళ్ళే కంటే రెండు మూడేళ్ళు పని చేసి వెళితే అక్కడ పది రెట్లు దక్కుతుంది. అమెరికాలో ఆరెగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం దేశాల మధ్య నదుల వివాదాలకు పెట్టింది పేరు. బ్యాంకాక్‌లో ఏఐటీ (ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) ఉంది. ఇంటి దగ్గర ఐఐటీ రూర్కీలోని జలవనరుల విభాగం 1955లో ఆసియా, ఆఫ్రికా దేశాల ఇంజనీర్ల శిక్షణ కోసమే పుట్టింది. దాన్ని మనవాళ్ళు మర్చిపోయి విదేశాలకు అప్పు చేసి వెళ్ళడం నాకు అర్థం కాదు.

ర్యాంకులు చూడొద్దు. సిలబస్ తెరిచి నాలుగు సంగతులు వెతకండి: ఫీల్డులో గడిపే గంటలెన్ని, ఇంటర్న్‌షిప్ తప్పనిసరా ఐచ్ఛికమా, గత ఏళ్ళ థీసిస్‌లు ఏ నదుల మీద వచ్చాయి, భూగర్భ జలాలకు సొంత పేపరు ఉందా. ఆఖరిది ముఖ్యం. దేశాల మధ్య ఒప్పందాలన్నీ కనిపించే నదుల చుట్టూ తిరుగుతాయి, కానీ మనలాంటి చోట్ల పంటలో పెద్ద వాటా బోర్లది. 2000ల దశకంలో ఎఫ్ఏఓ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఆవాసాల్లో రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. భూగర్భ జలాన్ని వాడేవాళ్ళే కొలిచిన ఉదాహరణగా దాన్ని బయటి దేశాల్లోనూ చదువుతారు. 1997 నాటి మన నీటి సంఘాల చట్టం కూడా అంతే. ఒక్కసారిగా పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు పెట్టిన రాష్ట్రం గురించి మీకంటే పెరూ విద్యార్థికి ఎక్కువ తెలిసి ఉంటే సిగ్గుగా ఉంటుంది, చదువుకుని వెళ్ళండి.

ఉద్యోగాల సంగతి నిర్మొహమాటంగా. నీటిపారుదల శాఖలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) కావాలంటే ఇంజనీరింగ్ డిగ్రీ అడుగుతారు, విదేశీ మాస్టర్స్ ఆ పరీక్షలో ఒక్క మార్కు కూడా కలపదు. ఐక్యరాజ్యసమితి ఉద్యోగాలు చదువు ముగిసిన వెంటనే వచ్చేవి కావు. నెదర్లాండ్స్‌లో చదివినవాళ్ళకు పని వెతుక్కోవడానికి ఏడాది వీసా ఇస్తారు. అక్కడి కన్సల్టెన్సీలు అడిగేది వరద నమూనాలు, జీఐఎస్, పైథాన్. స్థానిక జల మండళ్ళలో పని కావాలంటే డచ్ భాష రాక తప్పదు. ఒప్పందాల మీద వ్యాసాలు రాసినవాడి కంటే నది ప్రవాహాన్ని నమూనా కట్టే హెక్-రాస్ సాఫ్ట్‌వేరులో ఒక నది పాయను సరిగ్గా నడిపి, ఆ నమూనా ఎక్కడ అబద్ధం చెబుతోందో చూపించగలవాడికి ముందు పిలుపు వస్తుంది.

థీసిస్‌కు మన కాలువను ఎంచుకుంటే

చాలామంది ఊరికి రావచ్చని కృష్ణా పరీవాహకం ఎంచుకుంటారు. మంచిదే, కానీ క్యాలెండరు చూసుకోండి. అక్కడి విద్యాసంవత్సరం సెప్టెంబరులో మొదలవుతుంది. ఏప్రిల్, మేలో ఫీల్డుకు దిగితే కాలువలు మూసేసి ఉంటాయి. ప్రవాహం కొలవాలంటే ఆగస్టు నుంచి నవంబరు మధ్య రావాలి, అదీ డ్యామ్ నిండిన ఏడైతేనే. ఎండాకాలమే గతి అయితే దాన్ని వాడుకోండి. నీళ్ళు లేనప్పుడే కాలువ అడుగు, పూడిక, తూముల అసలు మట్టాలు, రైతులు అదనంగా పెట్టిన పైపులు లెవలుతో కొలవగలరు. నీళ్ళు వదిలాక మిత్రుడెవరైనా గేజి ఫొటోలు పంపినా సగం పని అవుతుంది.

డేటాకు ముందే రాసి పెట్టుకోవాలి. కృష్ణా, గోదావరి ప్రవాహాల లెక్కలు కేంద్ర ప్రభుత్వ ఇండియా-విరిస్ వెబ్‌సైటులో దొరుకుతాయి. సింధు, గంగ, బ్రహ్మపుత్ర లెక్కలు రహస్య జాబితాలో ఉన్నాయి, విదేశీ విశ్వవిద్యాలయం పేరుతో అడిగితే ఆశ పెట్టుకోకండి.

కాలువను చివరి నుంచి మొదటికి నడవండి. తల దగ్గర మొదలుపెడితే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి, చివరికి చేరేలోగా రోజులైపోతాయి. నీటి సంఘం అధ్యక్షుడిని కలవక తప్పదు, కానీ ఆయన చూపించిన రైతులతోనే ఆగిపోతే మీకు దొరికేది ఎగువ కథ. ప్రశ్నావళి పట్టుకుని "నీళ్ళు సరిపోతున్నాయా" అని అడగకండి. అందరూ లేదంటారు. పోయిన ఖరీఫ్‌లో మొదటి తడి ఏ తేదీన వచ్చింది, నారు ఎప్పుడు పోశారు, ఎన్ని తడులు ఇంజన్‌తో పెట్టారు, డీజిలుకు ఎంతయింది అని అడగండి. తేదీ, లీటరు, రూపాయి అబద్ధమాడటం కష్టం. రాత్రిపూట ఒకటి రెండు సార్లయినా గట్టు మీద ఉండాలి, పగలు మూసిన తూములు తెరుచుకునేది అప్పుడే.

లష్కర్‌తో మాట్లాడటం అన్నిటికంటే విలువైనది, అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది కూడా. గేటు ఎవరు చెబితే తిప్పాడో అతనికి తెలుసు. చాలా చోట్ల అతను పర్మనెంటు ఉద్యోగి కాదు, అవుట్‌సోర్సింగ్ జీతగాడు. పని ముగిశాక తూముల వారీ కొలతలను రెండు పేజీల్లో తెలుగులో రాసి సంఘానికి, సెక్షన్ ఆఫీసుకు ఇవ్వండి. కాలువ చివర కన్నడ ఊళ్ళుంటే కన్నడలోనూ. ఆ పేజీల్లో తేదీలు, గేజి అంకెలు, ప్రవాహాలు ఉండాలి. ఏ రాత్రి ఏ తూము దగ్గర ఎవరు డ్యూటీలో ఉన్నారన్నది, థీసిస్ అనుబంధంలో కూడా, ఉండకూడదు.